జపాను పాత్రధారణ క్రీడలు: మూలపాఠవిచారము

ప్రాచీనగ్రంథమును మఱల ముద్రింపఁబూనువాఁడు మొట్టమొదట నిర్ణయింపవలసినది దాని పాఠము. ఏ ప్రతి మూలమునకు సన్నిహితము, ఏది లేఖకప్రమాదము, ఏది కవియే పిమ్మట దిద్దుకొన్నది, ఏది పరులు చేర్చినది యను విచారణము లేక చేసిన గుణదోషవిమర్శనము పునాది లేని గోడ వంటిది. ఈ సంగతి పండితులకుఁ గొత్తది కాదు. కాని యిదే విచారణము తాళపత్రములతో నేమియు సంబంధము లేని యొక నూతనశాఖకును నేఁ డావశ్యకమై యున్నది. 1980వ దశాబ్దమున జపాను దేశమునఁ బ్రబలి, పిమ్మట దేశదేశములకు వ్యాపించిన పాత్రధారణ వీడియో ఆటలే యా శాఖ.

వానిని బాల్యమున నాడినవారు నేఁడు నడివయసువారై, పాత కన్సోలు యంత్రములను వెదకి సంపాదించియో, వాని చిన్న ప్రతిరూపములను గొనియో, సరిక్రొత్త పునర్నిర్మాణముల మూలముననో వానిని మఱల నాడుచున్నారు. ఆడి, నేఁటికిని వీనికి సాటి లేదని కొందఱును, ఇంత విసుగు పుట్టించు వానిని ఏల మెచ్చితిమని కొందఱును తీర్పులు చెప్పుచున్నారు. అయితే వీ రందఱును ఒకే గ్రంథమును గూర్చి మాటలాడుచున్నారా? ఈ వ్యాసమునఁ జెప్పఁబూనినది యొక్కటే. పాత యాటలలోని కష్టము లన్నియు నొక జాతివి కావు. కొన్ని ఛందోనియమముల వంటివి. కొన్ని తాటాకునకుఁ బట్టిన పురుగుతూఁట్ల వంటివి. ఈ రెంటిని వేఱుచేయనేరని పునర్నిర్మాతయు, విమర్శకుఁడును సమానముగా గ్రంథమునకు హాని చేయుదురు.

స్వరూపము

ఈ యాటల నెఱుఁగని చదువరుల కొఱకు రెండుమాటలు చెప్పవలసి యున్నది. పాత్రధారణ క్రీడయందు ఆటకాఁడు కథానాయకుని పాత్రను వహించును. పైనుండి చూచినట్లు చిత్రింపఁబడిన దేశముపై నాయకుని నడపుచు, గ్రామములలోని జనులను పలుకరించి వార్తలు తెలిసికొనుచు, అడవులలోను గుహలలోను నెదురగు శత్రువులతో వంతులవారీగాఁ బోరాడుచుండును. గెలిచిన కొలఁది నాయకుని బలము అంకెలలోఁ బెరుగును, ధనము చేకూరును, ఆ ధనముతో నాయుధములు కొని మఱికొంత దూరము పోవచ్చును. అమెరికాలో 1981వ సంవత్సరమున వెలువడిన "అల్టిమా", "విజార్డ్రీ" యను కంప్యూటరు ఆటలు ఈ పద్ధతికి మార్గదర్శకములు. అవి నిపుణులకే గాని సామాన్యులకు సుబోధములు కావు.

నింటెండో సంస్థవారి ఫామికాం యంత్రము 1983 జూలై 15న జపానులో వెలువడినది. దానికై యూజీ హోరీ రచించిన "డ్రాగన్ క్వెస్ట్" అను నాటను ఎనిక్స్ సంస్థవారు 1986 మే 27న ప్రకటించిరి. పాత్రల రూపములను చిత్రించినవాఁడు అకిరా తొరియామా. సంగీతము కూర్చినవాఁడు కోయిచి సుగియామా. మఱుసటి యేఁడు డిసెంబరు 18న స్క్వేర్ సంస్థ నుండి హిరొనొబు సకాగుచి నిర్మించిన "ఫైనల్ ఫాంటసీ" వెలువడెను. దాని సంగీతము నోబువో ఉయెమాత్సు కూర్చినది. 1990 నవంబరు 21న సూపర్ ఫామికాం యంత్రము వచ్చిన పిమ్మట ఈ రెండు వరుసలును మిక్కిలి వృద్ధి పొందినవి. ఒకదాని కొకటి పోటీయై నిలిచిన ఆ సంస్థలు రెండును 2003వ సంవత్సరమున నొక్కటియైనవి.

ఆటను కావ్యమనవచ్చునా యను శంక పొడమవచ్చును. ఇందుఁ గనునది కలదు, వినునది కలదు, చదువునది కలదు. కాఁబట్టి దృశ్యశ్రవ్యలక్షణములు రెండును గలవు. వీనికిఁ దోడు మూఁడవది యొకటి కలదు. నాటకమున సామాజికుఁడు వేఱు, నటుఁడు వేఱు. ఇచట సామాజికుఁడే నటుఁడు. అతఁడు మీట నొక్కనిదే నాయకుఁ డడుగు వేయఁడు. ఈ మూఁడవ లక్షణమును మఱచి, కథను మాత్రము విడఁదీసి విమర్శించువారికి ఈ శాఖలోని రసము సగమైన నందదు.

రెండు పక్షములు

పాత యాటల పునరవలోకనమును గూర్చి రెండు పక్షములు బలముగా నున్నవి. మొదటిపక్షమువారు మూలయంత్రమునందే, మూలకార్ట్రిడ్జితోనే, గాజుబుడ్డి టెలివిజనుపైననే యాడవలయుననియు, తక్కినదంతయుఁ గల్తీ యనియు వాదింతురు. రెండవపక్షమువారు పాతవానిలోని చిక్కులన్నియు నాఁటి యంత్రముల యశక్తిచేతఁ గలిగినవే యనియు, శక్తి గల యంత్రములు లభించిన నేఁడు వానిని తొలఁగించుట రచయితల మనోరథమును దీర్చుటయే యనియు నందురు.

ఇరువురి మాటలలోను సత్యమున్నది. ఇరువురును దానిని మితిమీఱి లాగుచున్నారు. మొదటివారి మాటయే ప్రమాణమైనచో ఈ గ్రంథములు కొలఁదికాలములో ధనవంతుల బీరువాలలోని వస్తువులై పోవును. రెండవవారి మాటయే ప్రమాణమైనచో యతిప్రాసలు కవికి సంకెళ్లు గనుక పద్యములన్నిటిని వచనముగా మార్చి యదియే మూలమని చదువవలసివచ్చును. అశక్తివలనఁ బుట్టినదంతయు దోషము కాదు. పరిమితి నెఱిఁగిన కవి దానినే యూఁతగాఁ గొని భావమును నిలుపును. కావున నొక పరీక్ష యావశ్యకము: ఒక కష్టమును తొలఁగించి చూడఁగా గ్రంథార్థము మాఱినయెడల నది నియమము; మాఱనియెడల నది లోపము. ఈ పరీక్షను కొన్ని గ్రంథములపైఁ బ్రయోగించి చూతము.

డ్రాగన్ క్వెస్ట్: లోపము, నియమము

మొదటి డ్రాగన్ క్వెస్ట్ అంతయు 64 కిలోబైట్ల మెమొరీలో నిమిడి యున్నది. దేశము, దుర్గములు, శత్రువులు, సంభాషణలు, సంగీతము సర్వమును అందే. జపాను భాషకు హిరగానా, కటకానా యని రెండు వర్ణమాలలును, అవి గాక చీనాలిపి చిహ్నములును గలవు. వీని నన్నిటిని నిలుపుటకు స్థలము లేమిచేత హోరీ చిహ్నములను బూర్తిగా విడిచి, కటకానాలోనుండి యిరువదింటిమాత్రము గ్రహించి, పేరులను ఆ యక్షరములకు లొంగునట్లు కూర్చెను. వాక్యములు చిన్నవి, విశేషణములు అరుదు, గ్రామజనులలో నొక్కొక్కఁడు ఒకటి రెండు వాక్యములకు మించి పలుకఁడు. ఈ సంక్షేపమే తరువాత ఆ రచయిత శైలియై నిలిచినది. స్థలము విస్తారముగా లభించిన కాలమునను ఆ వరుసలోని పాత్రలు కొలఁదిమాటలలోనే పలుకుట గమనింపఁదగినది. అక్షరముల కఱవు లోపముగాఁ బుట్టి నియమముగాఁ బెరిగినదనుటకు ఇది నిదర్శనము.

అదే గ్రంథమున శుద్ధలోపములును గలవు. నాయకుని బొమ్మ ఎటు నడచినను ఆటకానివైపే ముఖము పెట్టియుండును. అందుచేత నెవనితోనైన మాటలాడఁగోరినప్పుడు తూర్పో పడమరయో దిక్కును ప్రత్యేకముగాఁ జెప్పవలయును. మెట్లు దిగుటకును వేఱుగా నాజ్ఞ యీయవలయును. 1989లో "డ్రాగన్ వారియర్" అను పేర నమెరికాలో వెలువడిన ప్రతియందు నాయకుఁడు నడచు దిక్కునకే తిరుగునట్లు బొమ్మలను మఱల గీసిరి. దానిచేతఁ గథలో నొక్క యర్థమైనను మాఱలేదు. ఇట్టివానిని దిద్దుట గ్రంథసేవయే.

ఇంతకంటె సూక్ష్మమైన యుదాహరణము "పునరుత్థాన మంత్రము". ఆట నాపి మఱునాఁడు కొనసాగింపవలెనన్న, యంత్రము చూపు 20 హిరగానా యక్షరములను కాగితముపై వ్రాసికొని, మరల నవే యక్షరములను ఎక్కింపవలయును. అవి 5, 7, 5, 3 చొప్పున పంక్తులుగాఁ దీర్పఁబడియుండుట జపాను ఛందస్సు నెఱిఁగినవారికి ముచ్చట గొల్పును. కాని యొక్క యక్షరము తప్పినను ప్రయాణమంతయు వ్యర్థమగును. అమెరికా ప్రతియందు మంత్రమును తొలఁగించి, బ్యాటరీ సాయమున వృత్తాంతమును కార్ట్రిడ్జిలోనే నిలుపు నేర్పాటు చేసిరి. ఇది సబబే. అయితే యొక్కటి గమనింపవలయును. మంత్రమును చెప్పువాఁడు రాజు. వ్రాఁతకోలు పోయినను, రాజుకడకు మరలివచ్చి యతనికి విన్నవించినఁగాని యాట నిలువదను పద్ధతిని అమెరికా ప్రతియు మానలేదు. నాయకుఁడు మరణించినయెడల సగము ధనమును గోలుపోయి రాజు నెదుటనే మేల్కొనును. ఎంతదూరము పోయినను మరలివచ్చుటకొక యిల్లున్నదనియు, పోవుట యా యింటి కొఱకే యనియు నీ రాకపోకలే చెప్పుచున్నవి. అక్షరములు వ్రాసికొనుట లోపము. రాజుకడకుఁ దిరిగివచ్చుట నియమము. రెండును ఒక్కచోటనే యున్నను రెండును వేఱు. ఎచటనైన నిలుపుకొనవచ్చునను సౌకర్యమును గల్పించు నేఁటి ప్రతులు లోపముతోఁ గూడ నియమమును ద్రోసివేయుచున్నవి.

దూరమును గూర్చి

విసుగని యెక్కువమంది చెప్పునది దారిలోఁ గనఁబడక వచ్చిపడు శత్రువులను గూర్చియు, బలము పెంచుకొనుటకై పదేపదే పోరాడవలసివచ్చుటను గూర్చియు. ఫైనల్ ఫాంటసీ మొదటి యాఱు భాగముల నూతనప్రతులు "పిక్సెల్ రీమాస్టర్" అను పేరఁ గలవు. 2023 ఏప్రిలులో కన్సోలు యంత్రములకై వెలువడిన వానియందు దారిలోని పోరాటములను ఆపివేయుటకును, గడించు ననుభవమును నాలుగురెట్లు చేయుటకును మీట లమర్చిరి. ఇది లోపపరిహారమా, నియమభంగమా?

మొదటి డ్రాగన్ క్వెస్ట్ ఆరంభమున నాయకుఁడు రాజదుర్గమును వెడలి బయల నిలిచినతోడనే, నీటి కావలియొడ్డున ప్రతినాయకుని దుర్గము కానవచ్చును. గమ్యము మొదటి యడుగుననే కన్నులయెదుట నున్నది. నడుమ నున్నది సన్నని జలమే. కాని దానిని దాఁటుటకు దేశమంతయుఁ జుట్టి రావలయును. వంతెన దాఁటినప్పుడెల్ల శత్రువులు బలవత్తరు లగుదురు; మూలికలెన్ని మిగిలినవో లెక్కించుకొనుచు, ముందునకుఁ బోవుదునా మరలుదునా యని యూఁగిసలాడుచు నడుగు వేయవలయును. ఆ జలము వెడల్పును కొలుచునది బొమ్మలోని చుక్కలు కావు. ఆటకాఁడు పడిన శ్రమయే. శత్రువులను మాయము చేసినయెడల దూరము మాయమగును. దూరము మాయమైన వెనుక ఆ తొలిదృశ్యమున కర్థమే లేదు. కావున నిచట శ్రమ నియమము.

ఇందువలన శ్రమ యంతయు పవిత్రమని చెప్పరాదు. అర్థమునకుఁ గావలసినంత శ్రమ కలదు. కాలమును నింపుటకై పెంచిన శ్రమయుఁ గలదు. మునుపే యాడి గ్రంథమెఱిఁగినవాఁడు ఒకానొక ఘట్టమును పరిశీలింపఁగోరి మీట నుపయోగించుకొనుట, పండితుఁడు తనకు వలసిన పద్యమునకై పుట లన్నిటిని దాఁటిపోవుట వంటిది. తొలిసారి యాడువాని కా మీటను జూపి, ఇదియే గ్రంథమని చెప్పుట మాత్రము తగదు.

ఆఱవ ఫైనల్ ఫాంటసీ: గానము, చేఁపలు

1994 ఏప్రిల్ 2న సూపర్ ఫామికాంపై వెలువడిన ఆఱవ ఫైనల్ ఫాంటసీ ఈ శాఖలోఁ దలమానికములలో నొకటి. దానియందు నాట్యశాలాఘట్టము ప్రసిద్ధము. సెలెస్ అను సేనాని, గాయనివేషము ధరించి రంగస్థలముపైఁ బాడవలసివచ్చును. ఆ యంత్రమున నొకేసారి మ్రోయఁగల నాదములు ఎనిమిదిమాత్రమే. నాదసామగ్రికంతకును గల చోటు 64 కిలోబైట్లు. మనుష్యకంఠముతో పాట పాడించుట యసాధ్యము. ఉయెమాత్సు కంఠమును బోలిన యొక కృత్రిమనాదముతో రాగమును వినిపించి, సాహిత్యమును తెఱపై నక్షరములుగాఁ జూపించెను. ఆటకాఁడు ముందుగా వ్రాఁతపాఠమును చదివి జ్ఞాపకముంచుకొని, రంగమున సరియైన పంక్తిని తానే యెన్నవలయును. తప్పినయెడల నాటకము చెడును. కాఁబట్టి నాదము యంత్రమునది, పదము తెఱది, వానిని గలిపి పాడునది యాటకాని మనస్సు.

నూతనప్రతియందు గాయనీగాయకులు పలుభాషలలో నిజముగాఁ బాడిరి. వినుట కింపుగనే యున్నది. కాని పరీక్షను బ్రయోగింపఁగా, అర్థము కొంత మాఱినదని యొప్పుకొనక తప్పదు. మూలమున సెలెస్ పాడనేరని సైనికురాలు. ఆటకాఁడు ఆమెతోఁ గూడ తడఁబడుచు పాట నేర్చును. నూతనప్రతియందు ఆరితేఱిన కంఠము వినఁబడినతోడనే ఆటకాఁడు నటత్వము విడిచి శ్రోత యగును. దీనిని దోషమనుటకంటె వ్యాఖ్యానమనుట మేలు. వ్యాఖ్యానము మంచిదైనను మూలమున కది బదులు కాదు.

ఇంతకంటె గంభీరమైన ఘట్టము మఱియొకటి. కథామధ్యమున లోకము విధ్వస్తమగును. ఏఁడాది గడచిన పిమ్మట సెలెస్ యొక నిర్జనద్వీపమున మేల్కొనును. తాతవంటి సిద్ అను వృద్ధుఁడు మాత్రము తోడుగా నుండి, జబ్బుపడును. ఆమె తీరమునకుఁ బోయి చేఁపలు పట్టి తెచ్చి పెట్టవలయును. చుఱుకుగా నీఁదునవి మంచివి. మెల్లగా నీఁదునవి చెడ్డవి. చెడ్డవి సులభముగాఁ జిక్కును. తెఱపై నంకె లేదు, హెచ్చరిక లేదు. వృద్ధుని దేహస్థితి లోలోపల క్షణక్షణము క్షీణించుచుండును. తొందరపడి చేతికందిన చేఁపలను పెట్టినయెడల వృద్ధుఁడు మరణించును, సెలెస్ నిరాశతో కొండకొననుండి దూఁకును, దూఁకియు బ్రదుకును. ఆతఁడు జీవించినను మరణించినను కథ ముందునకు సాగును. ఇచటి కరుణము కవి వర్ణించినది కాదు. ఆటకాని చేయి చేసినది. నే నింకొక్క నిముసము వేచియుండిన ఈతఁడు బ్రదికెడివాఁడు గదా యను పశ్చాత్తాపము చదివిన కావ్యమునఁ గలుగదు, కర్తయైనవానికే కలుగును. మఱల నాడునపుడు ఈ ఘట్టము స్వరూపమే మాఱును: తొలిసారి తెలియక చేసినది, రెండవసారి తెలిసి చేయవలసివచ్చును. పునరవలోకనమునకు ఫలమేమని యడుగువారికి ఇదియొక్కటి చాలిన యుత్తరము.

అనువాదమను పాఠాంతరము

ఈ ఘట్టమే యనువాదసమస్యను గూడ ముందునకుఁ దెచ్చును. ద్వీపమునందలి తక్కిన జనులు నిరాశచెంది ఉత్తరపుఁగొండనుండి దూఁకి ప్రాణములు విడిచిరని మూలమున వృద్ధుఁడు చెప్పును. 1994 నాఁటి యింగ్లీషుప్రతియందు ఆ మాట, మనసు క్రుంగినవారు అచటినుండి దూఁకి ఉల్లాసము పొందెడివారన్నట్లు మెత్తబడినది. తరువాత సెలెస్ దూఁకునప్పటి భయానకత ఆ యొక్క మార్పుచేత సగము తగ్గినది. మూలమున విత్తినది యనువాదమున మొలకెత్తలేదు.

దీనికై యనువాదకుఁడైన టెడ్ వూల్సీని మాత్రము నిందించుట న్యాయము కాదు. ఆయనకు లభించిన గడువు రమారమి 30 దినములు. జపాను లిపిలోఁ గొలఁదిచోట నిముడు మాట ఇంగ్లీషున నెక్కువ చోటు గోరును, కార్ట్రిడ్జి పెరుగదు. ఇవి గాక, నాఁటి అమెరికాలోని నింటెండో సంస్థ మద్యము, మతము, మరణము మున్నగువానిని గూర్చిన మాటలను నియమించియుండెను. అందుచేత మద్యశాల కాఫీశాల యైనది. "హోలీ" యను మంత్రము "పెర్ల్" అనఁగా ముత్యమైనది. టీనా యను నాయిక టెర్రా యైనది. రెండవ, మూఁడవ, ఐదవ భాగము లాకాలమున అమెరికాలో వెలువడకుండుటచేత నాల్గవభాగము రెండవదనియు, ఆఱవభాగము మూఁడవదనియు సంఖ్యలు సైతము మాఱినవి.

అయినను ఆ ప్రతియందు ప్రాణమున్నది. కెఫ్కా యను ప్రతినాయకుని వెటకారపుఁ బలుకుబడి ఇంగ్లీషున నొక విలక్షణస్వరమును సంపాదించుకొన్నది. పిమ్మట గేమ్ బాయ్ అడ్వాన్స్ యంత్రమునకై టామ్ స్లాటరీ చేసిన నూతనానువాదము మూలమునకు సన్నిహితతరమైనను, వూల్సీ పాఠమును విని పెరిగినవారు దానిని విడువలేదు. ఇది కేవలము మమకారము కాదు. అనువాదము ఒకసారి జనుల నోళ్లలో నాటుకొన్న పిమ్మట తానే యొక పాఠమగును. విమర్శకుఁడు చేయవలసినది యొకదానిని తగులఁబెట్టి మఱొకదానిని పూజించుట కాదు. ఏ పాఠమును జదివి తీర్పు చెప్పుచున్నాఁడో స్పష్టముగాఁ బేర్కొనుట. ఈ విషయము తెలుఁగు చదువరులకు మఱింత ముఖ్యము. మనలో జపాను భాష నెఱుఁగనివారు ఈ గ్రంథములను జదువునది ఇంగ్లీషు మూలముననే. తాము మెచ్చిన మాటయో నొచ్చిన మాటయో మూలకర్తదా, అనువాదకునిదా, వ్యాపారసంస్థదా యని విచారింపక జపాను రచయితల హృదయమును నిర్ణయించుట సాహసము.

కవి దిద్దుకొన్న పాఠము

1992 సెప్టెంబరు 27న వెలువడిన ఐదవ డ్రాగన్ క్వెస్ట్ ఒక మనుష్యుని బాల్యము, యౌవనము, పితృత్వము అను మూఁడు దశలను జెప్పు కథ. బాలుఁడగు నాయకుఁడు శత్రువులచేతఁ జిక్కియుండఁగా, అతని ప్రాణము కొఱకు తండ్రి చేయి యెత్తక దెబ్బలు తిని మరణించును. అప్పు డాటకాని చేతిలోని మీటలు పనిచేయవు. అంతదాఁక ప్రతి యడుగును తన యాజ్ఞచే నడిపినవానికి ఆ నిస్సహాయత యెట్టిదో చెప్ప నక్కఱలేదు.

ఈ గ్రంథమునందే పునరవలోకనమునకు ప్రతీకమువంటి సన్నివేశ మొకటి కలదు. బాల్యమున నాయకుని గ్రామమున కెవఁడో యువకుఁడు వచ్చి, బాలుని చేతిలోని బంగారుగోళము నొకసారి చూపుమని యడిగి, చూచి, తిరిగి యిచ్చివేయును. ఆటకాఁడు దానిని లెక్కచేయఁడు. పెక్కుగంటల పిమ్మట, పెరిగి పెద్దవాఁడైన నాయకుఁడు గతకాలమునఁ బ్రవేశించి, తన బాల్యరూపముతోనే మాటలాడి, గోళమును మార్చుకొనును. ఇంకను బ్రదికియున్న తండ్రితో మాటలాడును. కాని జరుగవలసినదానిని తప్పింపలేఁడు. తొలిసారి యాడినపుడు ఆ యువకుఁడు అపరిచితుఁడు. రెండవసారి యాడినపుడు వాఁడెవఁడో తెలిసి మాటలాడుదుము. ఒకే వాక్యము, ఒకే బొమ్మ, అర్థము మాత్రము వేఱు. ధ్వని యనునది పునఃపఠనముననే పూర్తిగా వికసించునని ఆలంకారికు లన్నచో, దాని కింతకంటె స్పష్టమైన యుదాహరణము దొరకుట యరుదు.

ఇదే గ్రంథమున నాయకుఁడు వివాహమాడు ఘట్టమున ఇరువురు కన్యలలో నొకతెను వరింపవలయును: బాల్యస్నేహితురాలగు బియాంకా యొకతె, ధనికుని కూఁతురగు ఫ్లోరా యొకతె. 2008లో వెలువడిన పునర్నిర్మాణమున ఫ్లోరా యక్కయగు డెబొరా యను మూఁడవకన్య చేర్పఁబడినది. దీనిని ప్రక్షిప్తమని త్రోసివేయవచ్చునా? వీలులేదు, ఆ పునర్నిర్మాణమునకును మూలరచయిత యధ్యక్షుఁడే. అయినను మూలమునందలి సందిగ్ధము ఋణమునకును అవకాశమునకును, అనఁగా గతమునకును భవిష్యత్తునకును నడుమ నున్నది. మూఁడవకన్య హాస్యమునకు మంచిదే కాని యా తూఁకమును చెదరఁగొట్టినది. కవి దిద్దుకొన్న పాఠము ప్రామాణికమే. అయినంతమాత్రమున పూర్వపాఠము రద్దగుట లేదు. రెండును నిలువవలయును, రెంటికిని తేదీలు వేయవలయును.

ప్రతుల యాయుర్దాయము

ఇన్ని పాఠములు నిలిచియున్నచోఁ గదా విచారణము? ఇదియే యసలు చింత. కార్ట్రిడ్జిలో నాణెమంత బ్యాటరీ యొకటి యుండును. అది యడుగంటినప్పుడు గ్రంథము మిగిలినను, ఆటకాని వృత్తాంతము చెరిగిపోవును. విపరీతమేమనఁగా, 1986లో కాగితముపై వ్రాసికొన్న 20 అక్షరముల మంత్రము నేఁటికిని ఆ ప్రయాణమును మేల్కొల్పఁగలదు. వాడుకలో లోపమైనది నిలుకడలో గుణమైనది. గాజుబుడ్డి టెలివిజనులు మూలఁబడుచున్నవి. సూపర్ ఫామికాం బొమ్మలు సాధారణముగా అడ్డముగా 256, నిలువుగా 224 చుక్కలు గలవి. ఆ పాతతెఱపై చుక్కలు నొకదానిలో నొకటి కరఁగి, ముఖములలో ఛాయలు పుట్టును. నేఁటి పలుచని తెఱపై నవే చుక్కలు చదరపుఁబెంకులవలె నిలిచి, చిత్రకారుఁడు గీయని గఱుకుదనమును జూపును. ఈ గఱుకుదనమును జూచి పాతచిత్రకళ మొఱటని తీర్పు చెప్పుట పాఠదోషమును కవికి అంటగట్టుటయే.

2010కి ముందు అమెరికాలో వెలువడిన ఆటలలో నూటికి 87 నేఁడు విపణిలో లభింపవని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లోఁ బ్రకటించినది. అదే యేఁడు మార్చి 27న నింటెండో సంస్థ తన 3డీఎస్, వీ యూ యంత్రముల యంగళ్లను మూసివేయుటతో, వానియం దమ్మఁబడుచుండిన పాత గ్రంథములును కొనుటకు వీలుకానివైనవి. గ్రంథాలయములు తమ పాత యాటలను దూరముననున్న పరిశోధకులకుఁ జూపుట కనుమతింపవలెనన్న విన్నపమును అమెరికా కాపీరైటు కార్యాలయము 2024 అక్టోబరులో నిరాకరించినది. సంతోషింపఁదగినవియుఁ గలవు. క్యోటోలోని రిత్సుమేకన్ విశ్వవిద్యాలయమున 2011 నుండి యాటల యధ్యయనకేంద్ర మున్నది. టోక్యోలో నీ రక్షణకై యొక సమాజము పనిచేయుచున్నది. 2017లో నింటెండో వెలువరించిన చిన్న సూపర్ ఫామికాంలో ఆఱవ ఫైనల్ ఫాంటసీ మూలపాఠమును, దాని యమెరికా రూపమున వూల్సీ పాఠమును యథాతథముగా నిలిచినవి. యంత్రము క్రొత్తదైనను పాఠము పాతదే గనుక, మొదటిపక్షమువారు సైత మిట్టివానిని ఆదరింపవలయును.

నిర్ణయము

పై విచారణమువలనఁ దేలిన దిది. పాత యాటలను మఱల నాడి తీర్పు చెప్పఁబూనువాఁడు మొదట తా నాడిన ప్రతి యెయ్యదియో, ఏ యేఁటిదో, ఏ భాషదో చెప్పవలయును. రెండవది, తనకు కష్టము తోఁచిన ప్రతిచోటను అది తొలఁగినచో నర్థము మాఱునా మాఱదా యని పరీక్షింపవలయును. మూఁడవది, పునర్నిర్మాణమును మూలమునకు శత్రువుగాఁగాని, వారసునిగాఁగాని భావింపక, వ్యాఖ్యాతగా నెంచి, మూలమును ప్రక్కనుంచుకొని చదువవలయును. నిర్మాతలు చేయవలసినది మఱియొకటి: నూతనప్రతి నమ్మునపుడు మూలప్రతిని గూడ నందే యమర్చి యిచ్చుట. వ్యాఖ్యతోడి గ్రంథమున మూలశ్లోకమును ముద్రించుట యెంత సహజమో యిదియు నంత సహజము. 64 కిలోబైట్ల గ్రంథమునకు నేఁటి యంత్రములలోఁ జోటు లేదనుట చెల్లదు.

నీటి కావలి యొడ్డున గమ్యమును జూపి, దేశమంతయుఁ జుట్టి రమ్మని పంపిన రచయిత యా చుట్టుదారియందే తన కావ్యమును వ్రాసెను. ఆ దారిలోని పురుగుతూఁట్లను పూడ్చుదము. దారిని మాత్రము పూడ్చరాదు.